కొలవని మలుపు

ఇన్నేళ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒకే ఒక్క మాట. కొలిచాను అని చెప్పాను. కొలవలేదు. ఆ మాట వల్ల ఒక మనిషి కాలు పనికిరాకుండా పోయింది, అతను కోరుకున్న బతుకు పోయింది, నాకేమో మంచివాడన్న పేరు వచ్చింది. మొదటి రెండూ తలుచుకుంటే బాధ. మూడోది తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోతే నా నోట్లో మాట పూర్తి కాకముందే నన్ను వెనకేసుకొస్తారు. నీ తప్పేముందప్పా, వాడి రాత అంటారు. ఆ ఓదార్పు వినీ వినీ విసుగెత్తిపోయింది. మీరు దయచేసి అలా అనకండి. నా పేరు కూడా అడగకండి. చివరిదాకా వినండి, తర్వాత మీకు ఏమనిపిస్తే అదే అనుకోండి.

నాది ధర్మవరం. పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. గళ్ల కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. గడి నింపితే ఆ పోగు లేస్తుంది, వదిలేస్తే లేవదు. నేను గీసినదాన్ని చూసి అట్టల మీద చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే కింద చీరలో హంసలూ నెమళ్లూ పడతాయి. ఇందులో ఒక సులువుంది. రెండు వైపులా ఒకేలా ఉండే పువ్వయితే సగమే గీస్తాం. తక్కిన సగం తిప్పి వేసుకోవడమే. చీరకు రెండు అంచులుంటాయి, ఒక్కటే గీస్తాం. కూర్చుని రెండో అంచు కూడా గీసేవాణ్ణి మా వీధిలో పని రానివాడంటారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను చేసినదంతా ఇందులోనే ఉంది.

మా వీధి చివర మోటారుసైకిళ్లు బాగుచేసే షెడ్డు ఒకటుండేది. అక్కడ పనిచేసేవాడు ఎర్రిస్వామి. ఉరవకొండ దగ్గరి పల్లె. వానల్లేక వరసగా వేరుశనగ ఎండిపోతే, చేను వాళ్లన్నకు వదిలేసి ఇటొచ్చాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఏ బండి బాగుచేసినా చివర్లో దాన్నెక్కి ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. ఆ చుట్టు కోసమే బాగుచేస్తాడని షెడ్డు యజమాని వెక్కిరించేవాడు. నిజమే అయ్యుంటుంది. బండి మీద కూర్చున్నప్పుడు అతని ముఖం వేరుగా ఉండేది.

ఎనభైల మొదట్లో ఒక కరువు ఏడాది. మా ఊరి నుంచి పొద్దున బస్సెక్కితే ఎండ ముదరకముందే చేరే పల్లెలో చెరువు పూర్తిగా ఎండిపోయింది. పంటా లేదు, పనీ లేదు, జనానికి పొద్దుపోదు. ఆ ఊరి రెడ్డి చెరువు లోపల మోటారుసైకిళ్ల పందెం పెట్టించాడు. బెంగళూరు నుంచి బండ్ల వ్యాపారి ఒకాయన చూడటానికొస్తాడు, గెలిచినవాణ్ణి తన పందేల జట్టులోకి తీసుకుంటాడు అన్నారు. ఎర్రిస్వామికి అది పండగ కాదు, దారి. మళ్లీ చేనుకు పోనక్కర్లేదు, షెడ్డులో ఇంకొకరి బండి తుడవక్కర్లేదు. ఆ నెలంతా అతనికి వేరే మాట లేదు.

కానీ గెలవడని అందరికీ తెలుసు. సరదాగా తిప్పి చూసుకునేటప్పుడు గుత్తి నుంచి వచ్చిన కుర్రాడొకడు ప్రతిసారీ ముందుండేవాడు. ఎందుకు వెనకబడుతున్నాడంటే తలా ఒక మాట. చెయ్యి బిగుసుకుపోతోందని ఒకరు, బండి బరువని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు. నాకు చిరాకేసింది. అందరూ చెప్పేవాళ్లే. ఎక్కడ వెనకబడుతున్నాడో కొలిచి చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. నేను కొలుస్తాను అన్నాను. చీరలు గీసేవాడికి బండ్ల సంగతి ఏం తెలుసని రెడ్డి నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అది కూడా ఒప్పుకుంటున్నాను. ఎర్రిస్వామి గెలవాలని ఎంత ఉండిందో, ఆ నవ్వు ఆగాలని కూడా నాకు అంతే ఉండింది. బహుశా కొంచెం ఎక్కువే.

పందెం దారి కోడిగుడ్డు ఆకారంలో ఉండేది. రెండు తిన్నని దారులు, రెండు మలుపులు. కట్టకు దూరంగా ఉన్నది పై మలుపు, కట్ట కింద ఉన్నది కట్ట మలుపు. బడి డ్రిల్లు మాస్టరు దగ్గర స్టాప్‌వాచీ బతిమాలి తెచ్చాను. దారి పొడవునా పుల్లలు నాటి, కనిపించేలా వాటికి ఎర్ర పట్టుదారం ముక్కలు కట్టాను. ఉన్నది ఒకటే వాచీ. అందుకని ఒక ముక్క దగ్గర నిలబడి, అతను ఈ పుల్ల దాటగానే నొక్కి, ఆ పుల్ల దాటగానే ఆపి, మళ్లీ రమ్మనేవాణ్ణి. ఒక్కసారి వచ్చిన లెక్కను నమ్మేది లేదు. గాలి ఉంటుంది, దుమ్ము ఉంటుంది, నా వేలి బద్ధకం ఉంటుంది. ఒకే ముక్కను మళ్లీ మళ్లీ కొలిచి, మరీ తేడాగా ఉన్నవి పక్కన పెట్టి, మిగిలినవాటి సగటు తీసేవాణ్ణి. గుత్తి కుర్రాణ్ణి కూడా అతనికి తెలియకుండా అలాగే కొలిచాను.

తర్వాత ఇంట్లో కూర్చుని గళ్ల కాగితం పరిచాను. అడ్డంగా దారి, నిలువుగా ఆ ముక్కకు పట్టిన సమయం. ఎర్రిస్వామిది ఎర్ర సిరా, గుత్తి కుర్రాడిది నీలం. గీత పూర్తయ్యాక నాకు నవ్వొచ్చింది. అంత తేటగా ఉంది. తిన్నని దారిలో మావాడే ముందు. పోయేదంతా మలుపు దగ్గర పోతోంది. అదీ మలుపులో కాదు, మలుపుకు ముందు. బ్రేకు మరీ తొందరగా పట్టేస్తున్నాడు, బయటికొచ్చాక వేగం అందుకోవడానికి తడుముకుంటున్నాడు. పై మలుపు ముందు నేల మీద సున్నంతో ఒక గీత గీసి, దీని దాకా బ్రేకు ముట్టొద్దన్నాను. మొదట భయపడ్డాడు. రెండు రోజుల్లో అలవాటయింది. మళ్లీ కొలిస్తే ఎర్ర గీత మలుపు దగ్గర లేచిన మూపురం కరిగిపోయి, నీలం గీతకన్నా కిందికి దిగింది. బండి పక్కన పెట్టి అతను కాగితాన్ని వేళ్లతో తడిమి చూశాడు. అన్నా, నీ దగ్గర మంత్రముండాది అన్నాడు. మంత్రం కాదు, లెక్క అన్నాను. ఎంత గర్వంగా అన్నానో ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను కొలిచింది పై మలుపు ఒక్కటే.

ఎందుకు? ఇన్నేళ్లు ఈ ప్రశ్నకు గొప్ప కారణం వెతికాను. లేదు. పై మలుపు దగ్గర ఒక తుమ్మచెట్టు ఉంది. దాని నీడ ఉంది. అందుకని అక్కడ మొదలుపెట్టాను. కట్ట మలుపు దగ్గర నీడ లేదు. అటు పోదామనుకునేసరికి బడిలో ఆటల పోటీలున్నాయని డ్రిల్లు మాస్టరు వాచీ వెనక్కి అడిగాడు. పెట్రోలు కూడా అడుగంటింది. ఇవన్నీ నిజాలే. కానీ ఇవేవీ నన్ను ఆపలేదు. ఆపింది నా చెయ్యి అలవాటు. సగం గీసిన పువ్వు నా ముందుంది. రెండో సగం గీసేవాడు పని రానివాడు. రెండు మలుపులూ ఒకే వంపు, ఒకే వెడల్పు, కొలిచేదేముంది? కాగితాన్ని తిప్పి పై మలుపు గళ్లను కట్ట మలుపు దగ్గర దించేశాను. కొలవాలంటే ఒకే ఒక్క పూట పని. అంచు ఎంత చక్కగా కలిసిందంటే, చూసి మురిసిపోయాను.

ఆ రెండు మలుపులూ ఒకటి కావు. పైన ఎర్ర గరుసు నేల, గట్టిగా ఉంటుంది. కట్ట కింద ఏళ్ల తరబడి నీళ్లు నిలిచిన చోటు, లోతుగా ఒండ్రుమట్టి. చెరువు ఎండిన ఏడాది మా వైపు రైతులు ఆ మట్టి తవ్వి చేలకు తోలుకుంటారు. ఆ ఏడాది కూడా బండ్లకు బండ్లు తోలుకున్నారు. పందెం కోసం రెడ్డి మనుషులు ఆ గుంతలు పూడ్చి, నీళ్లు చల్లి, పైన చదును చేశారు. అది ఆరేదాకా అటు ఎవరినీ పోనివ్వలేదు. ఇవేవీ నాకు తెలియవని చెప్పగలిగితే ఎంత బాగుండును! తెలుసు. తుమ్మచెట్టు నీడలో కూర్చుని మట్టి బండ్లను చూస్తూనే ఉన్నాను. చూశాను గానీ లెక్కలోకి తీసుకోలేదు. నా గళ్లలో మట్టికి చోటు లేదు.

పందెం రోజు పొద్దున కట్ట మలుపు ముందు కూడా సున్నం గీత గీశాను. ఎంత దూరంలో? పై మలుపు దగ్గర ఎంత దూరమో, అంతే దూరంలో. ఎర్రిస్వామి వచ్చి ఆ గీత దగ్గర నిలబడ్డాడు. చెప్పు కాలితో నేలను కాస్త రుద్దాడు. మా మధ్య జరిగిన మాటలు ఇవి. వీటిలో ఒక్క అక్షరం కూడా నేను మార్చడం లేదు.

"అన్నా, ఈడ కూడా ఇంత జోరుగా రావల్లనా?"

"రావల్ల. ఈడ నిదానించినావంటే ఆడ సంపాదించిందంతా పాయె."

"నేల కొంచెం వేరేగుండాది."

"నేలదేముంది ఎర్రిస్వామీ. మలుపు అదే మలుపు."

చెప్పుతో మళ్లీ ఒకసారి నేలను రుద్దాడు. తర్వాత నా ముఖం చూసి అడిగాడు.

"ఈ పక్క కూడా కొలిచినావు కదన్నా?"

"కొలిచినా."

"అట్లయితే సరే," అన్నాడు. నవ్వాడు కూడా.

ఎందుకలా అన్నాను? కొలవలేదప్పా, ఈ పక్క నీకు తోచినట్టు పో అంటే నా నోరు అరిగిపోయేదా? రెడ్డి కాస్త దూరంలో నిలబడి మా వైపే చూస్తున్నాడు. ఆ మనిషి ముందు కొలవలేదని ఎలా చెప్పను? అదే కారణమా? లేక, నిజంగానే కొలిచినట్టే నేను నమ్మానా? ఏదో ఒకటి నిజమని ఖాయం చేసుకుంటే కొంచెం తేలికపడతానేమోనని ఎన్నోసార్లు తవ్వుకున్నాను. ఏదీ తేలదు. మాట మాత్రం నాదే.

మొదటి చుట్టులోనే ఎర్రిస్వామి ముందున్నాడు. పై మలుపు దగ్గర అతను గీత దాకా బ్రేకు ముట్టకుండా వచ్చి తిరిగిన తీరుకు జనం లేచి నిలబడ్డారు. బెంగళూరాయన కూడా లేచాడు. నేను రెడ్డి ముఖం చూశాను, అతను నవ్వడం లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. తర్వాత కట్ట మలుపు. గీత మీద బ్రేకు పట్టాడు. పూడ్చిన మట్టిలో ముందు చక్రం దిగబడింది. బండి అడ్డం తిరిగి, అతన్ని కింద వేసుకుని, కట్ట రాళ్ల దాకా ఈడ్చుకుపోయింది. వెనక వస్తున్న గుత్తి కుర్రాడు అదంతా చూసి నిదానించి, పక్క నుంచి పోయి, పందెం గెలిచి, బెంగళూరు వెళ్లిపోయాడు.

నేను పరిగెత్తిపోయాను. అతన్ని జీపులోకి ఎత్తుతున్నారు. చుట్టూ జనం. నువ్వు చెప్పినట్టు తోలే కదప్పా పడింది అని ఎవరో అన్నారు. అప్పుడు నేను రెండో మాట అన్నాను. నేను చెప్పింది ఒకటి, వాడు తోలింది ఒకటి అన్నాను. అది కూడా అందరికీ వినబడేలా. అంటూనే కింద చూశాను. చక్రం ఈడ్చిన చార సరిగ్గా సున్నం గీత మీద మొదలైంది. వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. జనం ఆ చారను తొక్కుకుంటూ తిరుగుతున్నారు. నేను కూడా తొక్కాను.

అనంతపురం ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది గానీ మోకాలు మడవకుండా అయిపోయింది. పడిన క్షణం అతనికి గుర్తులేదు. నేను యాడ తప్పు చేసినా అన్నా అని అడిగాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఎదురుగా కట్టు కట్టిన కాలు, పక్కన వాళ్ల నాయన, నేను తీసుకుపోయిన బత్తాయి పళ్లు. గీత దాటినాక పట్టినావప్పా బ్రేకు అన్నాను. తల ఊపాడు. అతను నమ్మకపోతే ఎంత బాగుండేది! నాతో కొట్లాడితే, నన్ను తిడితే, నాకు గుర్తుంది నేను దాటలేదని అరిస్తే! ఏమీ లేదు. నీ కష్టం పాడు చేసినానన్నా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అతన్ని నా దగ్గరే పెట్టుకున్నాను. అట్టలు కొట్టడం కూర్చుని చేసే పని, కాలు మడవకపోయినా పరవాలేదు. నేర్పించాను. నేను గీస్తాను, అతను చిల్లులు కొడతాడు. ఎంత గొప్ప మనసప్పా అని వీధంతా మెచ్చుకుంది. అతనికి పెళ్లయినప్పుడు పెద్దమనిషిగా నన్ను ముందు కూర్చోబెట్టారు. ఆ పీట మీద కూర్చున్నంతసేపూ లేచి పారిపోదామనిపించింది. షెడ్డుకు కొత్తగా వచ్చిన పిల్లలు పందేల కబుర్లు అడిగితే అతను ఒకటే చెబుతాడు. అన్న గీసినట్టు తోలింటే నేను ఈ పొద్దు బెంగళూరులో ఉండేవాణ్ణి, నా తొందరే నన్ను చెరిపింది అంటాడు. పక్క గదిలో నాకు వినబడుతుంది. గీస్తున్న పెన్ను కింద పెట్టేస్తాను. ఒరేయ్, నీకు ఒక్కసారి కూడా అనుమానం రాదా? ఒక్కసారి కూడా నన్ను అడగవా?

ఆ కోపంలోనే మొన్న ఒక పాపిష్టి పని చేశాను. ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం కూడా అదే.

ఒక నెమలి అంచు గీస్తూ, మెడ దగ్గర కావాలని కొన్ని గళ్లు తప్పు నింపాను. చూస్తే తెలిసిపోయే తప్పు. ఎర్రిస్వామి చూసి, అన్నా ఇది తప్పు కదా అనాలి. ఒక్కసారి అతను నన్ను తప్పంటే, ఆ వెనకే నేను పాత తప్పు కూడా చెప్పేయగలనని నా ఆశ. అతను కాగితం తీసుకుపోయి, గడి గడికీ చిల్లు కొట్టి తెచ్చాడు. అప్పుడైనా ఆపాలి కదా నేను? ఆపలేదు. చూద్దాం చూద్దాం అనుకుంటూ ఉండగానే అట్టలు మగ్గం ఎక్కాయి. ఓబులేసు అని మా నేతగాడు, వారం తిరక్కుండా మెడ విరిగిన నెమళ్లతో చీర పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. ఏమప్పా ఎర్రిస్వామీ, కండ్లు యాడ పెట్టుకోని కొట్టినావు అని కేకలేశాడు. ఎర్రిస్వామి నా కాగితం తీసి చూడను కూడా చూడలేదు. నేనే తప్పు కొట్టింటాలే ఓబులేసన్నా, అన్న గీసిందాంట్లో తప్పెందుకుంటాది అన్నాడు. ఆ బిగుసుకున్న కాలు చాపుకునే, రెండు చేతులూ ఎత్తి ఓబులేసుకు దండం పెట్టాడు.

నేను అక్కడే ఉన్నాను. పోనీలే ఓబులేసూ, కొత్త అట్టలు ఇప్పిస్తా అన్నాను. మూడోసారి. చెరువులో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, నా ఇంటి వసారాలో ఒకసారి. మూడుసార్లూ తప్పు అతని మీదే పడింది, మూడుసార్లూ నేను పడనిచ్చాను. మొదటిసారి భయం అనొచ్చు, రెండోసారి పిరికితనం అనొచ్చు. ఈసారి దేన్ని అడ్డం పెట్టుకోను? పరీక్ష పెట్టింది నేను, పోయింది అతని పరువు.

అతనికి ఎందుకు చెప్పవని మీరు అడుగుతారు. చెబితే ఏం చేస్తాడో నాకు తెలుసు. నువ్వు కావాలని చేసినావా అన్నా అంటాడు. నన్ను క్షమిస్తాడు. అది నేను భరించలేను. ఇంకో భయం కూడా ఉంది. క్షమించకపోవచ్చు. లేచి ఆ కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోవచ్చు. రెండింటిలో దేనికి ఎక్కువ భయపడుతున్నానో కొలిచే వాచీ నా దగ్గర లేదు. రేపు చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాటకు విలువెంతో మీకిప్పుడు తెలుసు.

ఇది రాస్తుంటే పక్క గదిలో అతను అట్టలు కొడుతున్నాడు. చప్పుడు ఆగి మొదలై, ఆగి మొదలై వినిపిస్తోంది. ఈ కింది రెండు వాక్యాలైనా ఎక్కడో ఒకచోట నా చేత్తో రాసి ఉండాలనిపించింది. ఇన్నేళ్లలో ఇవి ఎవరి ముందూ నా నోట రాలేదు. రాస్తే ఏమవుతుందో తెలియదు, రాసేస్తున్నాను.

ఎర్రిస్వామి గీత దాటలేదు. నేను చెప్పినచోటే బ్రేకు పట్టాడు.